నలికిరి కరిచిన రోజు

మా ఆయనకు ఈత రాదు. ఆ మాటకొస్తే కన్నడ రాష్ట్రం అంచున ఉన్న మా పావగడ తాలూకాలో ఈత వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేర్చుకోవడానికి ముందు నీళ్లుండాలి కదా. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున రాగిముద్ద తింటూ తింటూ, సముద్రం మధ్య ఏదో దీవిలో సోలార్ పని ఉందనీ, మూడు నెలలు పోయి రావాలనీ, కాంట్రాక్టరుకు సరేనని చెప్పేశాననీ అన్నాడు. నన్ను అడగలేదు. చెప్పాడు, అంతే.

నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్త ఊరంతా చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు.

"చెరువు నిండితే గట్టు మీద నిలబడి చూసేటోడివి, నువ్వు సముద్రం దాటి పోతావా?" అన్నాను.

"పడవలో పోతాం కదమే. నేనేమన్నా ఈదుకుంటా పోతానా?"

"పడవ మునిగితే?"

"మునిగితే అందురూ మునుగుతారు. నేనొక్కణ్ణేనా?"

ఇలాంటి జవాబు చెప్పే మనిషితో ఏం మాట్లాడతాం. ఆ పూట నుంచి నేను మాట్లాడడం మానేశాను. పోయే రోజు బస్సు దాకా మా అత్తే పోయింది. నేను పశువుల కొట్టం ఊడుస్తూ ఉండిపోయాను, అది అంతకుముందే ఊడ్చిన కొట్టం. దీవి చేరాక ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ అత్తతోనే మాట్లాడాడు. అత్త ఫోన్ నా వైపు చాపితే, చేతులకు పేడ ఉందని చెప్పాను.

ఆయనకు ఆ పని ఎలా వచ్చిందో చెప్పాలి. మా క్యాతగానచెర్లు ఊరి చుట్టూ పొలాలన్నీ సోలార్ కంపెనీలకు గుత్తకు పోయినప్పుడు మా పొలం కూడా పోయింది. శెనక్కాయలు వేసి మబ్బుల వైపు చూసే పని తప్పింది. ఆయన ఆ పొలంలోనే స్తంభాలు పాతే కూలికి చేరి, ప్యానెళ్లు బిగించడం నేర్చుకొని, నాలుగేళ్లలో పదిమందిని వెంటేసుకుని పని చేయించే మేస్త్రీ అయ్యాడు. నేనూ మా అత్తా ప్యానెళ్ల వరసల మధ్య గడ్డి కోసే పనికి చేరాం. మేం గడ్డి కోసే బ్లాకు ఉన్నది మా పొలంలోనే. సొంత పొలంలో కూలికి పోతున్నామని మా అత్త నవ్వుతుంది. ఒక్కోరోజు నవ్వదు కూడా.

ఆయనతో మాటలు మానేసిన ఇరవయ్యో రోజు అనుకుంటా. పొద్దున పది గంటలప్పుడు వరసల మధ్య కూర్చొని గడ్డి కోస్తుంటే ఫోన్ మోగింది. ఆయన నంబరు. అత్తకు ఇద్దామని చూస్తే ఆమె నాలుగు వరసల అవతల ఉంది. విసుక్కుంటూనే ఎత్తాను.

ఆయన రొప్పుతున్నాడు. "మే, నన్ను నలికిరి కర్సింది మే. ఏలు మీద. రగతం గూడా వచ్చినాది..."

అంతే, ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే స్విచ్చాఫ్ అని కన్నడంలో ఒకామె తీయగా చెప్పింది. ఎన్నిసార్లు చేసినా అంతే తీయగా చెప్పింది.

నలికిరిని చూడనివాళ్లకు చెబుతాను. బల్లి కంటే పొడుగు, పాముకంటే పొట్టి. నూనె రాసినట్టు మెరిసే ఒళ్లు, ఉన్నాయా లేవా అన్నట్టు చిన్న కాళ్లు. గడ్డిలో పరుగెత్తితే పామనే అనుకుంటాం. కన్నడంలో దాన్ని హావురాణి అంటారు, పాముల రాణి అని. ప్యానెళ్ల కింద నీడ పడినప్పటి నుంచి మా బ్లాకుల్లో అవి ఎక్కువయ్యాయి. ఒకటి కనబడితే చాలు, ఆడవాళ్లమంతా కొడవళ్లు పారేసి రోడ్డు మీద ఉంటాం. నాగుపాముకు కూడా అంత పరుగెత్తం. ఎందుకంటే చిన్నప్పటి నుంచి మేం విన్నది ఒకటే మాట. మా అత్త దాన్ని ఇలా అంటుంది: "పాము కర్సినోడికి మందుండాది. నలికిరి కర్సినోడికి మన్నే."

పదో తరగతి దాకా చదివినదాన్ని. అందులో సైన్సు కూడా ఉండింది. ఆ క్షణంలో ఒక్క అక్షరం గుర్తుకు రాలేదు.

అత్త దగ్గరికి పోయి చెప్పాను. ఆమె ఉన్నచోటనే కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా మొహంలోకి చూసి, "నాకంటే ముందు ఇంకెవురికన్నా చెప్పినావా?" అని అడిగింది.

"లేదు."

"వార్త నువ్వే ఇన్నావు. నువ్వే పోవల్ల. తిరుమణి గేటు కాడికి పో. మామ ఈ పొద్దు డ్యూటీలోనే ఉండాడు."

మామ అంటే వరసకు మామ కాదు. ఊరంతా అలాగే పిలుస్తాం. పక్క ఊరు తిరుమణి వైపు, సోలార్ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ పని చేసే ముసలాయన. ఒకప్పుడు గొర్రెలు మేపేవాడు. ఇప్పుడు నీలం చొక్కా, టోపీ, మెడలో ఈల. చొక్కా మారినా పాము మంత్రం మాత్రం ఆయన దగ్గరే ఉంది, వాళ్ల నాయన ఇచ్చి పోయింది. ఆ మంత్రానికి ఒక పద్ధతి ఉంది. కరిపించుకున్నవాడు రానక్కర్లేదు. వాడు ఎక్కడున్నా సరే, ఆ వార్త మొదట విన్న మనిషి నడిచి రావాలి. బండి ఎక్కకూడదు, దారిలో కూర్చోకూడదు, నీళ్లు ముట్టకూడదు. మంత్రం వేసేది, మందు పెట్టేది వార్త తెచ్చిన మనిషికే. అది అక్కడ పడి ఉన్నవాడికి చేరుతుంది. ఫోన్లో చెబితే పని చేయదు. ఆయన దానికి పైసా తీసుకోడు, చేతిలో పెట్టబోయినా తిడతాడు.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. మా చెల్లెలి బిడ్డను తేలు కుట్టినప్పుడు మంత్రం వద్దని పోట్లాడి పావగడ ఆస్పత్రికి తీసుకుపోయింది నేనే. ఆ నేనే కొడవలి అత్త చేతిలో పెట్టి నడవడం మొదలుపెట్టాను. ముందు కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను, నడుస్తూనే. తాను చెన్నైలో ఉన్నాననీ, కనుక్కుని చెబుతాననీ అన్నాడు. ఇంకేం చేయగలను? సముద్రం అవతల ఉన్న మనిషికి నేను చేయగలిగిన పని ఒక్కటే కనబడింది, అది నడవడం. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు.

ఒకప్పుడు మా పొలం గట్టు మీద నుంచి తిరుమణి దారికి అడ్డంగా పడి పోయేవాళ్లం. ఇప్పుడు అడుగడుగునా కంచెలు. ఒక బ్లాకు చుట్టి వస్తే ఇంకో బ్లాకు. తారురోడ్డు మీద ఎండ నెత్తిన కొడుతోంది, పక్కన కంచె లోపల ఎకరాలకొద్దీ నీడ పరుచుకుని ఉంది. ప్యానెళ్లు కడిగే నీళ్ల ట్యాంకరు ఎదురొచ్చి ఆగింది. నడిపే అబ్బాయి మా ఊరివాడే. "అక్కా, ఎండలో యాడికి? ఎక్కు," అన్నాడు. ఎక్కనన్నాను. "నీళ్లన్నా తాగు," అన్నాడు. వద్దన్నాను. నా మొహం చూసి వాడికి ఏదో అర్థమైనట్టుంది, ఇంకేమీ అడగకుండా పోయాడు.

నడుస్తుంటే నా నోరే నన్ను తిట్టింది. ఇరవై రోజులు. ఇరవై రోజులు నేను మాట్లాడలేదు. పడవ మునుగుతుందని భయపడ్డాను, అలకు కొట్టుకుపోతాడని భయపడ్డాను. రోజూ టీవీలో వాతావరణం చెప్పేటప్పుడు పొయ్యి మీద కూర వదిలి చూసేదాన్ని, ఎవరూ గమనించకుండా. ఇంత పెద్ద సముద్రం వదిలేసి, మా గడ్డిలో దొరికే నలికిరి ఆయన్ను అక్కడిదాకా వెతుక్కుంటూ పోయిందా?

గేటు దగ్గర మామ ముద్ద తినడానికి క్యారియర్ విప్పుకుంటున్నాడు. నన్ను చూసి, నా నడక చూసి, మూత పెట్టేశాడు.

"ఎవురికి?"

చెప్పాను.

"వార్త మొదట ఇన్నది నువ్వేనా కోడలా?"

"నేనే మామా."

"దోవలో కూర్చున్యావా? నీళ్లు తాగినావా?"

"లేదు."

ఆయన టోపీ తీశాడు, ఈల తీశాడు, బూట్లు విప్పాడు. గేటు పక్క వేపచెట్టు కింద నన్ను తూర్పు ముఖంగా నిలబెట్టి, నా కొంగు అంచు పట్టుకుని ఏదో గొణుగుతూ మూడు ముళ్లు వేశాడు. తరువాత గుప్పెడు వేపాకు దూసి నా చేతిలో పెట్టాడు. ఒంట్లో విషం ఉంటే వేపాకు చేదు తెలియదట. నమలమన్నాడు.

నమిలాను.

"చేదుగా ఉండాదా?"

చేదు లేదు. నిజంగా లేదు. గడ్డి నమిలినట్టు ఉంది. అంతదూరం ఎండలో నీళ్లు లేకుండా వచ్చి, భయంతో నోరు పిడచగట్టుకుపోయినదానికి చేదేం తెలుస్తుంది? ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఆయన ఇక దక్కడనే అనుకున్నాను. వేపచెట్టును పట్టుకున్నాను.

"లేదు మామా," అన్నాను.

మామ మళ్లీ గొణిగాడు, ఈసారి చాలాసేపు. అంతలో కంపెనీ ఇంజనీరు కుర్రాడు బైకు మీద గేటుకొచ్చి, ఏమైందని కన్నడంలో అడిగాడు. మామ మంత్రం ఆపడు కాబట్టి నేనే చెప్పాను. ఆ అబ్బాయి నవ్వాపుకుని, "హావురాణిగె విష ఇల్లమ్మా," అన్నాడు. విషం లేదట. నాకు ఒళ్లు మండింది. వాడు చదివింది కరెంటు, నలికిరి సంగతి వాడికేం తెలుసు అనుకున్నాను. వాడు తనే గేటు తెరుచుకుని పోయాడు.

మామ తన క్యారియర్ విప్పి, ముద్దలోకి తెచ్చుకున్న పచ్చిమిరపకాయ ఒకటి నా చేతిలో పెట్టాడు. "కొరుకు. గట్టిగా కొరుకు."

మొదటి కొరుకుకు ఏమీ లేదు. రెండోదానికి నాలుక చివర ఏదో చిమచిమ అన్నట్టు ఉంది. మూడోసారి సగం కాయ నోట్లో వేసుకుని నమిలేసరికి మంట గొంతులోకి, ముక్కులోకి, చెవుల్లోకి ఎక్కింది. కళ్లలో నీళ్లు కారిపోయాయి. నేను నోరు తెరిచి గాలి పీలుస్తూ ఆ చెట్టు కింద గంతులేశాను. మామ నా మొహం చూసి మొదటిసారి నవ్వాడు.

"కారమెక్కిందా?"

తలూపాను.

"దిగింది పో. నీళ్లు తాగు ఇంక."

నమ్మకం లేదని చెప్పాను కదా. అయినా ఆ సీసాలో నీళ్లు గటగటా తాగుతుంటే నా గుండె మీద నుంచి ఎవరో రాయి దించినట్టయింది. ఆయన బతికి ఉన్నాడని ఆ మిరపకాయ చెప్పింది, నేను నమ్మాను. సిగ్గేమీ లేదు. మీరు నా చోట ఉండి ఉంటే మీరూ నమ్మేవాళ్లు.

తిరిగి మా బ్లాకుకు వచ్చేసరికి పనివాళ్లంతా పని మానేసి అత్త చుట్టూ కూర్చుని ఉన్నారు. కారమెక్కిందని చెప్పాను. అత్త అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే, వాళ్ల చిన్నాయన ఒకాయన నలికిరి కరిచి పొలంలోనే పోయిన కథ చెప్పింది. నేను ఆ కథ పెళ్లయిన కొత్తలోనే విన్నాను, తరువాత చాలాసార్లు విన్నాను. ఆ రోజు మాత్రం మొదటిసారి ఒక ప్రశ్న వచ్చింది.

"ఆయప్పను నలికిరి కరిచింది ఎవురన్నా చూసినారా అత్తా?"

"పక్కనే గట్టు మీద ఉన్యాదంట. అందురూ చూసినారు."

కరిచింది పామై ఉంటుంది. కరిచి బొరియలోకి పోయి ఉంటుంది. పాపం నలికిరి అక్కడ ఎండ కాచుకుంటూ కనబడి ఉంటుంది. ఈ ముక్క నాకు తోచింది కానీ అత్తతో అనలేదు. ఏడుస్తున్న మనిషితో వాదన పెట్టుకునేంత కోపం అప్పుడు నాలో లేదు.

పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది. ఆయన నంబరే. స్పీకరు నొక్కాను.

"మే, నేనే," అన్నాడు. మామూలు గొంతు. ముద్ద ఉందా అని అడిగే గొంతు. నా ప్రాణం లేచివచ్చింది.

ఆయన చెప్పింది ఇదీ. పొద్దున ప్యానెళ్ల పెట్టె విప్పుతుంటే అట్టల కింద నుంచి నలికిరి వచ్చి వేలు పట్టుకుంది. కంచు రంగు వీపు, పక్కన పసుపు గీత, మన దానికంటే కొంచెం లావట. కరిచినదాన్ని చంపితే విషం తలకెక్కుతుందని మా వాళ్ల నమ్మకం. అందుకని చంపకుండా దాన్ని టిఫిన్ బాక్సులోకి తోసి మూత పెట్టాడు. ఆ బాక్సుతోనే సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి నాకు ఫోన్ చేశాడు. చార్జి అయిపోయింది. ఊరికి కరెంటు పెట్టడానికి పోయినవాడి ఫోనులో చార్జి లేదు. అక్కడే చెట్టు కింద బాక్సు ఒళ్లో పెట్టుకుని చావు కోసం కూర్చున్నాడట.

అప్పుడు ఒక పాప ఆ దారినే వచ్చింది. బల్లుల మీద పెద్ద చదువు చదువుతూ ఆ దీవిలో ఉంటున్న పిల్ల. ఈయన తనకొచ్చిన హిందీలో సంగతి చెప్పి మూత తీస్తే, ఆమె అయ్యో అనాల్సింది పోయి సంతోషపడింది. ఆ రకం నలికిరి ఆ దీవిలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదట. చుట్టూ సముద్రం కదా, అది ఎటూ పోలేదు, ఇంకెక్కడి నుంచీ అలాంటిది రాలేదు. చంపనందుకు ఆమె ఈయనకు దండం పెట్టినంత పని చేసింది. దానికి విషమే లేదంది. ఈయన నమ్మలేదు. నమ్మకపోతే చూడమని ఆమె తన వేలే దాని నోటికి అందించింది. అది పట్టుకుంది. ఆ పిల్ల నవ్వుతూ నిలబడింది. ఆమెకు ఏమీ కాకపోవడం చూశాక ఈయన లేచాడు. ఇద్దరూ దిగి దాన్ని మళ్లీ ఆ అట్టల దగ్గరే వదిలారు. తరువాత ఆమే ఆస్పత్రికి తీసుకుపోయి వేలు కడిగించింది.

"ఆ పాప ఫోన్లోంచి చెయ్యొచ్చు కదా?" అన్నాను.

"నీ నంబరు నాకు నోటికి రాదు మే. సాయంత్రం కరెంటొచ్చినాక చార్జి పెట్టి, మళ్లా గుట్టెక్కి చేస్తాండా."

పెళ్లై పదమూడేళ్లు. అదెలాగూ తిట్టాల్సిన మాటే, తరువాతకు ఉంచుకున్నాను. అత్త ఫోను దగ్గరికి వంగి, "నలికిరికి విషం లేదంటావేంది నాయనా?" అంది.

"లేదంటమ్మా. ఆ పాప దాని మీదనే చదివింది."

అత్త ఒప్పుకోలేదు. "ఆ దీవిదానికి లేదేమో," అంది. "మన దానికి ఉండాది."

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా తలలూపారు. నాకు నవ్వొచ్చింది. పొద్దున్నుంచీ బిగబట్టినదంతా నవ్వులో పోయింది. ఫోన్ తీసుకుని వరసల మధ్యకు నడిచాను. స్పీకరు ఆపేశాను. ఇరవై రోజుల తరువాత మేమిద్దరమే మాట్లాడుకోవడం అదే మొదలు. ఏం మాట్లాడాలో తెలియక, "ఆస్పత్రి యాడుండాది ఆడ?" అని అడిగాను.

"జెట్టీ పక్కనే. మేముండే షెడ్డుకు ఐదు నిమిషాలు."

"మరి ఆ గుట్ట?"

ఆయన గొంతు తగ్గించాడు. "అది పైన. అరగంట ఎక్కల్ల."

నేను ఆగిపోయాను. "కర్సినాక ముందు గుట్ట ఎక్కినావా? ఐదు నిమిషాల్లో ఆస్పత్రి పెట్టుకోని?"

"నలికిరి కర్సినోణ్ణి డాక్టరేం బతికిస్తాడులే అనుకొంటి. నువ్వు మాట్లాడక ఇరవై దినాలాయ. ఒకసారి నీ గొంతు ఇని పోదామని ఎక్కినా."

అప్పుడు నాకొచ్చిన కోపం అంతకుముందెప్పుడూ రాలేదు. వరసల మధ్య నిలబడి ఆయన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నిజంగా పామే అయ్యుంటే? ఆ అరగంటలో విషం ఎక్కి ఆ గుట్ట మీదే పడిపోయి ఉంటే? నీ గొంతు కోసం అని ఆయన చచ్చిపోతే, ఆ గొంతుతో నేను తరువాత ఎలా బతకాలి? తిడుతూ తిడుతూ ఏడ్చేశాను. ఆయన అడ్డం పడకుండా విన్నాడు. నేను ఆగాక, "వచ్చే పడవకు వచ్చేయనా?" అన్నాడు.

"వద్దు. పని ముగించుకోనే రా," అన్నాను. "ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకో. ఇంకముందు ఏది కర్సినా సరే, చీమ కర్సినా సరే, ముందు ఆస్పత్రికి పో. నాకు తరువాత చెప్పు."

"సరే మే."

"ఒట్టు పెట్టు."

పెట్టాడు. మరుసటి రోజు నుంచి రోజూ నాకే ఫోన్ చేశాడు, రోజూ నేనే ఎత్తాను. మూడు నెలలకు క్షేమంగా వచ్చాడు. వేలి మీద మచ్చ కూడా మిగల్లేదు. ఆ సంగతి ఎప్పుడు వచ్చినా ఆస్పత్రి వదిలి గుట్ట ఎక్కినందుకు ఇప్పటికీ తిడతాను, ఆయన తల వంచుకుని పడతాడు. ఆయన ఆ గుట్ట ఎక్కాడని విన్న క్షణంలో నాకు కోపం కంటే ముందు సంతోషం కలిగిందని మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.